ఇల్లు నిద్రపోయాక కూడా తిరిగే మీటరు: ప్రాజెక్టు డైరీ

రోజు 1

ఈ నెల బిల్లులో 361 యూనిట్లు. పోయిన నెల 290. అంతకుముందు ఏడాది పొడుగునా 225కి అటూ ఇటూగా ఉండేది. ఏసీ వేసే కాలం కాదు. కొత్త సామానేమీ కొనలేదు. చుట్టాలెవరూ వచ్చి ఉండలేదు.

బిల్లు పెరగ్గానే అందరం డబ్బు అంకె చూసి గుండె పట్టుకుంటాం. చూడాల్సింది యూనిట్లు, అవి ఎన్ని రోజులకి అన్నది. ఒక నెల 27 రోజులకు, ఇంకో నెల 35 రోజులకు రీడింగ్ తీస్తే ఆ తేడానే వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది. మాది సరిగ్గా 30 రోజులే. బిల్లు మీది రీడింగుకీ గోడ మీది మీటరుకీ పొంతన కుదిరింది, అంటే ఎవరూ అంచనాగా వేసింది కాదు. రోజుకు 12 యూనిట్లు పోతున్నాయి. ఇదివరకు ఏడున్నర.

ఇంట్లో తలా ఒక అనుమానం. మా ఆవిడకి గీజర్ మీద. మా అబ్బాయికి మీటరు మీద. అమ్మ మాత్రం "రాత్రిళ్లు మోటారు ఊరికే గురగురమంటోందిరా, అదేంటో చూడు" అంది. "మోటారు కాదులే అమ్మా" అని కొట్టిపారేశాను. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే కొన్ని రోజులు కలిసొచ్చేవి.

ఒక పాత నోటుబుక్కు, పెన్ను మీటరు బోర్డు పక్కన తాడుతో కట్టి పెట్టాను. ప్రాజెక్టు మొదలు.

రోజు 2, 3

ముందు గీజర్ సంగతి తేలుద్దామని రెండు రోజులు దాని స్విచ్ ఆపేశాం. 2000 వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ అవుతుంది కాబట్టి పెద్ద తేడానే ఆశించాను. మొదటి రోజు 11.2, రెండో రోజు 11.0. చల్లనీళ్ల స్నానాలు చేసి సంపాదించింది రోజుకు ఒక యూనిట్. "ఇక చాలండీ మీ పరిశోధన" అని మా ఆవిడ మూడో రోజు స్విచ్ వేసేసింది.

కానీ ఆ రెండు రోజులూ వృథా కాలేదు. గీజర్ ఎక్కువ కాలుస్తుంది, నిజమే. నిరుడు కూడా అంతే కాల్చింది. నేను వెతుకుతున్నది ఎక్కువ కాల్చే వస్తువుని కాదు, కొత్తగా ఎక్కువైన వాడకాన్ని. ఈ రెండూ ఒకటే అనుకుని నేరుగా పెద్ద వస్తువుల మీద పడ్డాను.

రోజు 4

రాత్రి పదింటికి రీడింగ్ రాసుకున్నాను. పొద్దున ఆరింటికి మళ్లీ రాశాను. ఎనిమిది గంటల్లో 3.2 యూనిట్లు. అంటే అందరం నిద్రపోయాక కూడా సగటున 400 వాట్లు లాగుతూనే ఉంది.

ఆ సమయంలో నడుస్తాయని నాకు తెలిసినవి కాగితం మీద వేశాను: రెండు ఫ్యాన్లు కలిపి 120 వాట్లు, ఫ్రిజ్ సగటున 50, రౌటర్ 10. మొత్తం 180. మిగతా 220 వాట్లు ఎవరివి?

220 వాట్లంటే చిన్న సంగతే అనిపిస్తుంది. ఇస్త్రీ పెట్టె అంతకు నాలుగైదు రెట్లు లాగుతుంది. కానీ ఇస్త్రీ పెట్టె పది నిమిషాల్లో ఆగుతుంది. ఇది 24 గంటలూ నడిస్తే రోజుకు 5.3 యూనిట్లు, నెలకు 158. పగలు వెతకడం దండగని అర్థమైంది. పగలు నలుగురం నాలుగు స్విచ్‌లు వేస్తూ తీస్తూ ఉంటాం, ఏ లెక్కా నిలవదు. దొరికితే రాత్రిపూట లెక్కలోనే దొరకాలి.

రోజు 5, ఆదివారం

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కి ఎన్ని మిణుకులో అచ్చువేసి ఉంటుంది. మాదాని మీద 3200 అని ఉంది. కొన్నిటి మీద 1600 ఉంటుంది, చూసుకోవాలి. 3200 అయితే లెక్క తేలిక: పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. ఏ పరికరమూ కొనక్కర్లేదు, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. పది మిణుకులు లెక్కపెట్టేటప్పుడు మొదటి మిణుకుని సున్నా అనుకోవాలి. నేను ఒకటి అనుకుని రెండుసార్లు తప్పు లెక్క రాశాను.

మా అబ్బాయి అనుమానం ముందు తీర్చేద్దామని, ఫ్యాన్లూ లైట్లూ టీవీ అన్నీ ఆపించాను. పది మిణుకులకు 43 సెకన్లు, అంటే 262 వాట్లు. ఇప్పుడు గీజర్ వేశాం. నూరు మిణుకులు 50 సెకన్లలో వచ్చాయి, 2250 వాట్లు. 262 తీసేస్తే 1988. గీజర్ మీద రాసి ఉన్నది 2000. మీటరు సరిగ్గానే లెక్కపెడుతోంది.

తర్వాత గీజర్ ఆపి, మెయిన్ స్విచ్ దించేశాం. మెయిన్ ఆపాక కూడా లైటు మిణుకుతుంటే మీటరులో తేడా ఉన్నట్టు, లేదా మెయిన్ కంటే ముందే ఎవరో మన లైనులోంచి తీగ లాక్కున్నట్టు. పావుగంట నిలబడ్డాం. ఒక్క మిణుకూ లేదు. మా అబ్బాయి కాస్త నిరాశ పడ్డాడు. దొంగ బయటివాడైతే కథ బాగుండేది మరి.

మెయిన్ మళ్లీ ఎత్తాక అసలు గందరగోళం మొదలైంది. ఇక ఒక్కో ఎంసీబీ (ఒక్కో గది లైనుకి బోర్డులో ఉండే చిన్న స్విచ్) దించుతూ ఏ గదిలో ఎంత పోతోందో రాద్దామని కూర్చుంటే, 43 సెకన్లు రావాల్సిన చోట 16 వచ్చింది. 700 వాట్లు! ఇంట్లో అన్నీ ఆపే ఉన్నాయి. ఐదు నిమిషాలు ఆగి చూశాను, అంతే. ఎంసీబీలు ఒక్కొక్కటీ దించాను. ఒకటి దించి, ఏ గదిదో చూద్దామని అక్కడి బల్బు స్విచ్ వేస్తే, వెలిగింది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఇన్వర్టర్!

మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదకు వెళ్లింది. తిరిగి కరెంటు రాగానే చార్జింగ్ మొదలుపెట్టింది. నేను కొలుస్తున్నది నేను చేసిన పనినే. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఈ ఎంసీబీ పరీక్ష చేసేవాళ్లు ముందుగా దాని స్విచ్ ఆపాలి, లేకపోతే రాసుకున్నవన్నీ చెత్తబుట్టకే.

చార్జింగ్ అయ్యాక చూద్దామని వదిలేశాను. మధ్యాహ్నం దాటాక గానీ మిణుకుల వేగం తగ్గలేదు. ఆ పావుగంటా బ్యాటరీ మీద నడిచింది ఒక్క రౌటరే. దానికి మూడు గంటల చార్జింగ్ ఏమిటని ఆ రోజు నాకు తట్టలేదు. నోటుబుక్కులో మాత్రం రాసి పెట్టాను.

రోజు 6

ప్లగ్గుకీ వస్తువుకీ మధ్య పెట్టి వాట్లు చూపించే చిన్న మీటరు ఒకటి తెప్పించాను. ఫ్రిజ్‌కి పెట్టి పది నిమిషాలు చూశాను. 130 వాట్లు. ఆ సైజు ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు అంతే లాగుతుంది. "ఫ్రిజ్ బాగుంది" అని రాసి కింద గీత కూడా గీశాను.

టీవీ సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపినా 12 వాట్లు లాగుతూనే ఉంది. పైన లైటు రంగు మారడం తప్ప లోపల పెద్దగా ఏదీ ఆగలేదు. నెలకు ఎనిమిదిన్నర యూనిట్లు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి నా కేసుకి సంబంధం లేదు, అయినా చిరాకేసింది. ఫోను చార్జర్లు ఊరికే ప్లగ్గులో ఉంటే ఎంత పోతుందో చూద్దామంటే ఈ మీటరు సున్నా చూపించింది. అమ్మకి చార్జర్లు పీకించే పని తప్పింది.

రోజు 8

డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తీయాలంటే లోపల కరెంటు ఉన్న తీగలు, నా వల్ల కాదు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన తీగ చుట్టూ పట్టించి అందులో ఎంత కరెంటు పోతోందో చూపించే క్లాంప్ మీటరు తెచ్చారు.

ముందు లీకేజీ చూశాం. ఫేజ్, న్యూట్రల్ రెండు తీగల్నీ కలిపి క్లాంప్ మధ్య పెడితే వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా రావాలి. రాకపోతే ఆ తేడా ఎక్కడో భూమిలోకి పోతోంది. మాకు కొన్ని మిల్లీ ఆంపియర్లే వచ్చాయి. నిజానికి ఇది ఆలోచిస్తేనే తెలిసేది. 220 వాట్లు ఎర్త్‌లోకి పోవాలంటే 230 వోల్టుల దగ్గర దాదాపు ఒక ఆంపియర్ కావాలి. మా బోర్డులో ఉన్న, లీకు కనిపెట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోతుంది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అయితే ఈ పరీక్షే మొదట చేయాలి. గీజర్ కాయిల్ పగిలి ఎర్త్‌లోకి కరెంటు కారడం అరుదేమీ కాదు, అది బిల్లుతో పోయేది కూడా కాదు.

తర్వాత ఒక్కో తీగా విడిగా. ఇన్వర్టర్‌కి వెళ్లే తీగ దగ్గర 1.0 ఆంపియర్. నేను ఎగిరి గంతేశాను: ఒకటి ఇంటూ 230, దొరికాయి నా 220 వాట్లు! ఆయన నవ్వి, "సార్, అది వాట్లు కాదు. ఇన్వర్టర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, పవర్ ఫ్యాక్టర్ తక్కువ, అంటే లాగే కరెంటులో కొంతే వాట్లుగా లెక్కకొస్తుంది. మీ మీటరునే అడగండి" అన్నారు. నా మిణుకుల పద్ధతి నాకే చెప్పారు. ఇన్వర్టర్ వేసి ఉన్నప్పుడు పది మిణుకులకు 43 సెకన్లు. దాన్ని పూర్తిగా ఆపాక 74. అంటే 262 నుంచి 152కి. ఇన్వర్టర్ లాగుతున్నది 110 వాట్లు.

మూడు రోజులుగా కరెంటు పోలేదు. బ్యాటరీ నిండి ఉండాలి. నిండాక ఇన్వర్టర్ 25, 30 వాట్లతో సరిపెట్టుకోవాలి.

నాలుగో రోజు వేసిన జాబితా తీసి చూశాను. ఫ్యాన్లు, ఫ్రిజ్, రౌటర్. ఇన్వర్టర్ పేరే లేదు. కరెంటు ఇచ్చేదిగానే దాన్ని చూశాను తప్ప, తీసుకునేదని తోచనే లేదు.

రోజు 9

బ్యాటరీ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఊరికే కూర్చున్న బ్యాటరీ గది వేడికంటే వెచ్చగా ఉండకూడదు. ఇంకో గుర్తు నా కళ్లముందే ఉంది: మూడు నాలుగు నెలలకోసారి పోసే డిస్టిల్డ్ వాటర్ ఈమధ్య నెల తిరక్కుండానే పోయాల్సి వస్తోంది. "కాలం మారింది కదా, ఆవిరైపోతోంది" అనుకున్నాను.

ఎలక్ట్రీషియన్ కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకుని హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ చూశారు. ఐదింట్లో గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం, చార్జింగ్ తగ్గితే ఇదీ తగ్గుతుంది) 1.230, 1.240 మధ్య ఉంది. ఆరో దాంట్లో 1.120. ఆ సెల్లు చచ్చిపోయింది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు వరసగా ఉంటాయి. ఒకటి పోతే మొత్తం వోల్టేజీ రావాల్సిన చోటికి రాదు. చార్జరుకి ఆ సంగతి తెలియదు. ఇంకా నిండలేదు అనుకుని పోస్తూనే ఉంటుంది. బ్యాటరీలోకి ఆరు ఆంపియర్లు వెళ్తున్నాయి, అంటే 80 వాట్లు. మిగతా 30 ఇన్వర్టర్‌లోనే వేడిగా పోతోంది. ఆ 80 వాట్లూ ఎక్కడికి పోతున్నాయంటే, బ్యాటరీని వెచ్చబెట్టడానికి, నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి. నేను ప్రతి నెలా పోసిన డిస్టిల్డ్ వాటర్ అలా పోయింది. మూసిన అల్మరాలో ఇలాంటి బ్యాటరీ పెట్టుకోవడం మంచిది కాదని, నిప్పురవ్వ చాలని ఆయన గట్టిగానే చెప్పారు. మాది కొంచెం గాలి ఆడే చోటే ఉంది. అయినా ఆ రాత్రి ఇన్వర్టర్ ఆపేసి పడుకున్నాం.

రోజు 11

కొత్త బ్యాటరీ వచ్చింది. ఒక రోజు చార్జింగ్‌కి వదిలి తర్వాత కొలిచాను. ఇన్వర్టర్ ఇప్పుడు 28 వాట్లు.

రాత్రి రీడింగ్ 2.6. ముందు 3.2 ఉండేది. తగ్గింది. కానీ కేసు మూసేద్దామనుకున్న ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టయింది. ఇంకా చాలా మిగిలి ఉంది. ఒక్క నేరానికి ఒక్క నేరస్తుడే ఉండాలని ఎక్కడుంది?

రోజు 12

నిద్ర పట్టక రాత్రి ఒంటిగంటకు మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మిణుకులు నిదానంగా పోతున్నాయి. ఉన్నట్టుండి గబగబా వచ్చాయి. ఇరవై సెకన్ల తర్వాత మళ్లీ నిదానం. టైము రాసుకున్నాను. నాలుగు నిమిషాలకు మళ్లీ అదే. మూడోసారి చెవి కూడా పనిచేసింది. పైనుంచి గురగుర.

అమ్మ చెప్పిన మోటారు.

ఇది బోరు మోటారు కాదు, మేడ మీద ట్యాంకు పక్కనుండే ప్రెషర్ పంపు. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి అది మొదలవుతుంది, కుళాయి కట్టేస్తే ఆగుతుంది. అర్ధరాత్రి ఎవరూ కుళాయి తిప్పలేదు. నడిచేటప్పుడు సుమారు 500 వాట్లు. నాలుగు నిమిషాలకోసారి ఇరవై సెకన్లు అంటే సగటున 42 వాట్లు, నెలకు 30 యూనిట్లు. ఐదో రోజు మేము పట్టుకోలేకపోయింది కూడా అందుకే: 43 సెకన్ల కొలత అది ఆగి ఉన్న విరామంలో పడిపోయింది.

రోజు 13

పంపుకి అవతల ఉన్న వాల్వు కట్టేసి పది నిమిషాలు చూశాం. పంపు మళ్లీ మొదలైతే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే దాని సొంత నాన్ రిటర్న్ వాల్వు కారుతున్నట్టు. మొదలవకపోతే ఇంట్లోనే ఎక్కడో లీకు. మొదలవలేదు. ఇల్లంతా చూశాం, ఏ గోడకీ చెమ్మ లేదు, ఏ కుళాయీ చుక్క రాల్చడం లేదు.

మిగిలింది ఫ్లష్ ట్యాంకులు. రెండింట్లోనూ కాస్త రంగు కలిపి, అరగంట ఎవరినీ వెళ్లొద్దన్నాను. హాల్లో ఉన్న బాత్రూములో కమోడ్ నీళ్లు రంగు తిరిగాయి. అడుగున ఉండే రబ్బరు వాషర్ గట్టిపడి అంచు లేచిపోయింది. సన్నటి ధార, గోడ వెంబడి జారిపోతుంది, చప్పుడు లేదు. వాషర్ మార్చడానికి పావుగంట పట్టలేదు.

నీళ్ల లీకు కరెంటు బిల్లులో కనిపిస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అమ్మకి చెబితే "నేను మొదటి రోజే చెప్పాను కదరా" అంది. చెప్పింది మరి.

రోజు 14

రాత్రి రీడింగ్ 2.2.

రోజు 15, 16

ఇంకా తేడా ఉంది. జాబితాలో మిగిలిన పెద్ద పేరు ఒక్కటే, కింద గీత గీసి మరీ నేను వదిలేసిన ఫ్రిజ్. ఈసారి ప్లగ్గు మీటరుని పది నిమిషాలు కాదు, పూర్తి 24 గంటలు ఉంచాను. 2.64 యూనిట్లు. సగటు 110 వాట్లు.

నా తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. కంప్రెసర్ 130 వాట్లు లాగడం సరైనదే. కానీ అది గంటలో సగం కంటే తక్కువసేపు నడిచి, మిగతాసేపు ఊరుకోవాలి. మాది గంటకు యాభై నిమిషాలు నడుస్తోంది. వాట్లు చూశాను, సేపు చూడలేదు.

కారణం వెతకడానికి లోపల టార్చి వెలిగించి పెట్టి, తలుపు మూసి, గదిలో దీపాలన్నీ ఆపాం. కింది మూలన సన్నటి వెలుగు గీత. అక్కడ కాగితం ముక్క పెట్టి తలుపు వేస్తే, లాగగానే చేతికొచ్చేసింది. మిగతా చోట్ల బిగుతుగా పట్టుకుంటోంది. తలుపు రబ్బరు ఆ మూలన మెలిపడిపోయింది. ఆ సందులోంచి వచ్చే గాలిలోని తేమ లోపల మంచుగా కడుతుంది, దాన్ని కరిగించే హీటరుకీ అదనపు పని.

వెనక్కి వెళ్లి చూస్తే ఇంకో కథ. రెండు నెలల క్రితం ఇల్లు కడిగినప్పుడు ఫ్రిజ్‌ని గోడకి ఆనించేశాం. వెనకాల నల్లటి కాయిల్ మీద దుమ్ము మెత్తటి దుప్పటిలా పట్టింది. లోపలి వేడిని బయటికి పంపాల్సింది ఆ కాయిలే. దానికి ఊపిరాడకపోతే కంప్రెసర్ ఆగేదెలా?

ప్లగ్గు తీసి, బ్రష్షుతో దుమ్ము దులిపి, గోడకి జానెడు దూరం జరిపాం. రబ్బరుని గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి, మెలిపడ్డ మూలకి హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపించి, తలుపు మూసి రాత్రంతా టేపు వేసి ఉంచాం. కుదరకపోతే రబ్బరు మార్చేద్దామనుకున్నాను. కుదిరింది. ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి.

రోజు 18

ఫ్రిజ్ 24 గంటల లెక్క: 1.4 యూనిట్లు. రాత్రి రీడింగ్ 1.8. సెట్‌టాప్ బాక్స్‌కి గోడ స్విచ్ ఆపడం మొదలుపెట్టాక 1.7. పొద్దున అది మళ్లీ లేచి చానెళ్లు పట్టుకోవడానికి రెండు నిమిషాలు తీసుకుంటోందని మా అబ్బాయి గొడవ. వాడి తరఫున అమ్మ కూడా.

నాలుగో రోజు జాబితాని సరిచేసి మళ్లీ రాశాను. ఫ్యాన్లు 120, ఫ్రిజ్ 58, ఇన్వర్టర్ 28, రౌటర్ 10. మొత్తం 216. మీటరు ప్రకారం 1.7 యూనిట్లు ఎనిమిది గంటలకు, అంటే 212. కాగితమూ మీటరూ మొదటిసారి ఒకే మాట చెప్పాయి.

రోజు 28

చివరి మరమ్మతు తర్వాత పది రోజులకు 76 యూనిట్లు. రోజుకు 7.6.

ఫ్యాన్ల 120 మీద ఇప్పుడు కన్ను పడింది. బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే తక్కువ కరెంటుతో తిరిగే రకం మోటారు ఉన్నవి, ఫుల్ స్పీడులోనే 30 వాట్ల దగ్గర నడుస్తాయి. ఉన్నవి బాగానే తిరుగుతున్నాయి కాబట్టి పాడైనప్పుడు మారుద్దామని నిర్ణయం. మా ఆవిడ నిర్ణయం.

తాడుతో కట్టిన నోటుబుక్కు అలాగే ఉంది. ఆదివారం పొద్దున రీడింగ్ రాసే డ్యూటీ మా అబ్బాయి తీసుకున్నాడు. కొలవాల్సింది ఇంకొకటి మిగిలింది, ఏసీ. అది వేసే రోజులు వచ్చాక.